మా పక్క పొలాలు వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కి మారుస్తున్నారు, నీటి దారి సంగతి ఎవరు చూస్తారు? (నెల్లూరు)

మాగాణి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది వేదాయపాళెం దాటాక లోపలికి వచ్చే ఊరు. సర్వేపల్లి కాలువ కింద రెండెకరాల పైచిలుకు మాగాణి ఉంది. మా ఆయన పోర్టు వైపు లారీల కాంటా దగ్గర పని చేస్తారు. సేద్యం నేనూ మా మామయ్యా చూసుకుంటాం. మాస్టర్ ప్లాన్, జోనింగ్ గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటారని అడుగుతున్నా. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

పోయిన వారం పేపర్లో నోటీసు పడింది. మా పొలానికి పడమటి వైపున్న కొన్ని సర్వే నంబర్లను వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కి మారుస్తారట. అభ్యంతరాలుంటే గడువులోపల రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఆ నంబర్లలో మా భూమి లేదు. కాబట్టి మాకేం సంబంధం లేదు, ఊరుకోండి అంటున్నారు ఊళ్లో చాలామంది. కానీ సంబంధం ఉంది.

మా పొలానికి నీళ్లు పడమటి నుంచి వస్తాయి, తూర్పుకి పోతాయి. కాలువ తూము దగ్గర మొదలైన బోదె, అంటే పిల్ల కాలువ, ఎవరెవరి మళ్ల మధ్యనో గట్టు పక్కగా నడిచి మా దాకా వస్తుంది. మా మడి నిండాక మిగిలిన నీళ్లు ఇంకో బోదెలోంచి తూర్పున ఉన్న మురుగు కాలువలో పడతాయి. ఈ రెండు బోదెలూ ఎవరి పేరు మీదా లేవు. పోరంబోకు కూడా కాదు, పట్టా భూముల లోపలే నడుస్తాయి. మా మామయ్య వాళ్ల నాన్న కాలం నుంచీ నాట్లకు ముందు ఆయకట్టు వాళ్లంతా తలా ఒక చెయ్యి వేసి పూడిక తీసుకుంటున్నారు. వాటికున్న రికార్డు అంతే.

తూర్పు వైపు ఐదారేళ్ల కిందట ఒక లేఅవుట్ వేశారు. ఎర్ర గ్రావెల్ తోలి, మా పొలం మట్టం కంటే నడుము ఎత్తు లేపారు. వాళ్ల బ్రోచర్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. మా మురుగు బోదె ఉన్న చోట అందులో రోడ్డు గీసి ఉంది. బోదె పోయింది, దాని బదులు రోడ్డు కింద ఒక సిమెంటు పైపు పెట్టారు. ఆ పైపు నోట్లో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుంటే దిగి తీసే మనిషి లేడు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు నీళ్లు పోయే దారి లేక మా నారుమడి కుళ్లిపోయింది. నారు పోతే మళ్లీ పోసుకుంటాం. లోతట్టున ఉన్న మా ఊరి కింద వీధిలో ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ తడిసిపోయాయి. 2015 నవంబర్‌లో ఎన్ని రోజులు వాన పడిందో నెల్లూరు వాళ్లందరికీ గుర్తే. అప్పుడు కూడా ఆ వీధిలోకి నీళ్లు రాలేదు.

ఆ లేఅవుట్‌లో ప్లాట్లు అంకణాల (ఇక్కడి స్థలం కొలత) లెక్కన కొన్నవాళ్లలో మా చుట్టాలూ ఉన్నారు. వాళ్ల వీధిలోనూ మోకాలి లోతు నీళ్లే. అంటే అమ్మినాయన తప్ప ఎవరూ బాగుపడలేదు.

ఇప్పుడు పడమటి వైపు కూడా ఇళ్ల స్థలాలైతే మాకు నీళ్లు తెచ్చే బోదె కూడా పోతుంది. ఒకవేళ మిగిలినా అందులో పారేది పంట నీళ్లు కాదు, ఇళ్ల మురుగు. టౌన్‌లో సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ ఏ స్థితిలో ఉన్నాయో ఆ వంతెనల మీద నడిచే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఊరు పెరగొద్దని నేను చెప్పను. మా అమ్మాయి టౌన్‌లో ఇంటర్ చదువుతోంది, రేపు దానికీ ఒక ఇల్లు కావాలి. నా బాధ ఒక్కటే. మ్యాప్‌లో వ్యవసాయపు ఆకుపచ్చ తీసి నివాసపు పసుపు వేసేటప్పుడు నేలకి రంగు వేస్తున్నారు గానీ నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో గీయడం లేదు. మన జిల్లాకు వానలు ముఖ్యంగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. మే నెలలో చూసినవాళ్లకి ఆ బోదె గట్టు పక్క గుంత లాగా కనిపిస్తుంది, అంతే. కార్తీకంలో వచ్చి చూస్తే అది ఎన్ని ఎకరాల నీళ్లు మోస్తుందో అర్థమవుతుంది.

నేను అడగాలనుకున్నవి: నోటీసులో మా నంబరు లేకపోయినా నేను అభ్యంతరం పెట్టొచ్చా? పెడితే అది చదువుతారా, ఫైల్లో పడేస్తారా? "జోన్ మార్చండి, కానీ ముందు నీటి దారిని మ్యాప్‌లో చూపించండి" అని అడగడానికి రూల్స్‌లో ఏదైనా ఆధారం ఉందా?

స్కేల్_పెన్సిల్:

అక్కా, నేను నెల్లూరులోనే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్‌ని. ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్ ఫైళ్లు నా రోజువారీ పని. తెలిసింది చెప్తా.

అభ్యంతరం పెట్టడానికి ఆ సర్వే నంబర్లో భూమి ఉండాల్సిన పని లేదు. నోటీసు వేసేదే చుట్టుపక్కల వాళ్ల మాట వినడానికి. నోటీసులో ఎవరికి పంపమన్నారో ఆ అధికారి పేరిటే, గడువు దాటకుండా, చేతికిచ్చి రసీదు తీసుకోండి. లేదంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఫోన్లో చెప్పింది, గ్రామసభలో అరిచింది లెక్కలోకి రావు.

ముందు ఒక గందరగోళం తీసేస్తా, మా ఆఫీసుకి వచ్చేవాళ్లలో సగం మంది దీంట్లోనే పొరపాటు పడతారు. ఒక పొలం ప్లాట్లుగా మారాలంటే మూడు వేర్వేరు గడపలు ఎక్కాల్సి వచ్చేది. మాస్టర్ ప్లాన్‌లో ఆ నేల ఏ జోన్‌లో ఉందో అది ఒకటి. మన దగ్గర 2017లో నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చాక ఈ వ్యవహారం 2016 నాటి పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కింద నడుస్తోంది. రెండోది రెవెన్యూ వాళ్ల కన్వర్షన్, అంటే వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చే అనుమతి, 2006 నాటి నాలా చట్టం కింద ఉండేది. దాన్ని తీసేయాలని ప్రభుత్వం నిర్ణయించాక ఇక ఏ అనుమతీ అక్కర్లేదని చాలామంది అనుకుంటున్నారు. తప్పు, జోన్ అడ్డు అలాగే ఉంటుంది. మూడోది లేఅవుట్ అనుమతి. రోడ్ల వెడల్పు, పార్కుకి వదిలే ఖాళీ స్థలం ఇక్కడ చూస్తారు. 2017 లేఅవుట్ రూల్స్ వచ్చినప్పుడు ఖాళీ స్థలానికి పది శాతం వదలాలని పెట్టారు. ఇవన్నీ అయ్యాక కూడా 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టయితే ప్లాట్లు అమ్మే ముందు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టర్ చేయాలి.

మీరు ఇప్పుడు మొదటి గడప దగ్గరున్నారు. మాట చెల్లేది ఇక్కడే. మూడో గడప దాకా వచ్చాక ఫైలు ఒక్క లేఅవుట్ హద్దు లోపలే చూస్తుంది, హద్దు బయట నీళ్లు ఏమవుతాయో దానికి పట్టదు.

ఇక ఆధారం సంగతి. 2017 బిల్డింగ్ రూల్స్‌లో నీటి వనరుల దగ్గర ఎంత దూరం వదలాలో ఉంది. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. కాలువలకీ వాగులకీ కూడా దూరం ఉంది. కానీ ఇది రికార్డులో హద్దు ఉన్నవాటికే గట్టిగా పని చేస్తుంది. మీ బోదె పట్టా భూమిలో నడుస్తోంది, విడిగా సర్వే నంబరు లేదు. ఫైల్లో కాలువ లేకపోతే దూరం దేని నుంచి కొలవాలి? అసలు చిక్కు అక్కడుంది.

అందుకే కాయితాలు కూడబెట్టండి. గ్రామ పటం, ఆ సర్వే నంబర్ల ఎఫ్ఎంబీ (కొలతలతో గీసిన పటం), ఆర్ఎస్ఆర్ (పాత భూమి రిజిస్టర్) నకళ్లు తీయండి. ఎఫ్ఎంబీలో కొన్ని చోట్ల చిన్న కాలువ గీతలు కనబడతాయి, అదృష్టం ఉంటే మీ బోదె కూడా ఉండొచ్చు. ఆ తూము కింద ఎన్ని ఎకరాలు, ఏ నంబర్లు అనేది ఇరిగేషన్ వాళ్ల ఆయకట్టు రిజిస్టర్లో ఉంటుంది. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి, జవాబుకి 30 రోజుల గడువు. మీ అభ్యంతరం గడువు ముందే అయిపోతుంది కాబట్టి దరఖాస్తు నకలు కూడా జతచేసి "రికార్డు అడిగాం, రాగానే ఇస్తాం" అని రాయండి.

ఇంకోటి, మీ ఆయకట్టుకి నీటి వినియోగదారుల సంఘం ఉంటుంది. 1997 చట్టం కింద పెట్టినవి. ఒక్క రైతు రాసిన కాయితం వేరు, సంఘం తీర్మానం వేరు.

మాగాణి_గట్టు:

చాలా థ్యాంక్స్ తమ్ముడూ. గ్రామ పటం మా మామయ్య దగ్గర పాతది ఉంది, చిరిగిపోయి గుడ్డకి అతికించినది. అందులో తూర్పు మురుగు కాలువ ఉంది గానీ బోదెలు లేవు. ఎఫ్ఎంబీ కోసం రేపు వెళ్తా.

పొదలకూరురోడ్డు_రైతు:

అమ్మాయీ, నీ బాధ అర్థమైంది. కానీ రెండో పక్క కూడా ఒకరు చెప్పాలి కదా, నేను చెప్తా. కోపం తెచ్చుకోవద్దు.

నాకు అరవై దాటాయి. మూడెకరాలుంది. ఇద్దరు కొడుకులు, ఒకడు చెన్నైలో, ఒకడు హైదరాబాద్‌లో. ఇద్దరికీ మడవ కట్టడం రాదు. నేనే కౌలుకిచ్చా. వడ్ల పుట్టి ధర ఎప్పుడు పడిపోతుందో తెలియదు, కోతల టైముకి మిషన్ దొరకదు, దొరికితే వాన. ఈ పరిస్థితుల్లో పక్కోడి పొలం పసుపు రంగులోకి పోయి నాది ఆకుపచ్చలో మిగిలితే, గట్టుకి ఇవతల ఒక ధర, అవతల ఒక ధర. నడుమ అడుగు వెడల్పు గట్టు. ఆ రంగు ఎవరు వేశారు, ఏం చూసి వేశారు అని నేను అడిగితే జవాబు చెప్పేవాడు లేడు. ఊరికి అన్నం పెట్టే భూమి కాపాడాలంటారు, మంచిదే, కానీ ఆ కాపాడే ఖర్చంతా ఒక్క ఆకుపచ్చలో ఉన్న రైతు మీదే ఎందుకు పడాలి?

ఇట్లాంటి అభ్యంతరాల వల్ల ఫైలు ఏళ్ల తరబడి ఆగిపోతుంది. ఫైలు ఆగితే అమ్మకం ఆగుతుందనుకోవద్దు. అనుమతి లేకుండానే రాళ్లు పాతి అమ్మేస్తారు. తర్వాత ఎప్పుడో ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) వస్తుంది, డబ్బు కట్టి సరి చేసుకుంటారు. అప్పుడు నీ బోదెకి దిక్కు ఎవరు? ఉన్నవాటిలో అనుమతి ఉన్న లేఅవుటే మేలు. ఆలోచించు.

మాగాణి_గట్టు:

పెద్దాయనా, కోపం ఎందుకు? మీరు చెప్పిన దాంట్లో చాలా భాగం మా ఇంట్లో రోజూ మాట్లాడుకునేదే. మా మామయ్య కూడా ఒక్కోసారి "ఇచ్చేద్దాం లేమ్మా" అంటారు. పోయిన ఎడగారు పంటలో ఎరువులకీ కూలీలకీ పోగా మిగిలింది చూస్తే నాకూ అనిపిస్తుంది.

మీ అమ్ముకునే హక్కుని నేను ఆపట్లేదు. నా అభ్యంతరంలో "మార్చొద్దు" అని ఎక్కడా రాయను. పడమటి రైతులు నాకు పరాయివాళ్లు కారు, పెళ్లిళ్లకీ చావులకీ ఒకరింటికొకరం వెళ్తాం. వాళ్లకి మంచి ధర రావాలనే నా కోరిక కూడా. నేను అడిగేది ఒక పది అడుగుల దారి, నీళ్ల కోసం. లేఅవుట్‌లో మనుషులకి రోడ్డు వదులుతారు కదా, నీళ్లకి కూడా వదలమంటున్నా. అది వదిలినందువల్ల అమ్మేవాళ్లకి పోయేది కొన్ని అంకణాలు. వదలకపోతే కొన్నవాళ్లకి పోయేది ఇల్లు. ఆ కొన్నవాళ్లు ఎవరు? చిట్టీ ఎత్తుకుని, బంగారం తాకట్టు పెట్టి ప్లాట్ కొనుక్కునే మనలాంటి వాళ్లే.

2021 నవంబర్ మర్చిపోయారా? సోమశిల డ్యామ్ నుంచి అంత వరద వదిలినప్పుడు పెన్న ఒడ్డున భగత్‌సింగ్ కాలనీ ఏమైంది? పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. అది నది, పెద్ద విషయం, మనం ఏం చేయగలం అంటారు. సరే. మా బోదె చిన్న విషయమే. చిన్నది కాబట్టే కాయితం మీద ఒక గీతతో కాపాడొచ్చు. ఆ గీత గీయడానికి ఎవరికీ కోట్లు ఖర్చు కావు.

అనుమతి లేని లేఅవుట్ గురించి మీరన్నది నిజం, నాకూ అదే భయం. కానీ అందుకే కదా ముందే మ్యాప్‌లో ఉండాలంటున్నా. మ్యాప్‌లో నీలం గీత ఉంటే రేపు రిజిస్ట్రేషన్‌కి వెళ్లేవాడికి, బ్యాంకు లోను ఇచ్చేవాడికి, రెగ్యులరైజ్ చేసేవాడికి అది కనబడుతుంది. లేకపోతే మా మామయ్య జ్ఞాపకంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు.

ఒక్క పొలం ఆకుపచ్చలో పెట్టి పక్కది పసుపులో ఎందుకు పెట్టారో చెప్పాలన్న మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది. దాన్ని కూడా నా కాయితంలో రాస్తా. నీళ్లు నిలిచే లోతట్టు అయితే ఆకుపచ్చ, మెరక అయితే పసుపు అని కారణం చెప్తే ఏ రైతైనా ఒప్పుకుంటాడు.

పోతురాజుకాలువ_పక్కింటి:

ఒంగోలు నుంచి రాస్తున్నాను. మేడం గారు చెప్పేది చదువుతుంటే మా వీధి కథ చదివినట్టుంది. మాకు ఊరి మధ్యలోంచి పోతురాజు కాలువ పోతుంది. ఊళ్లో పడ్డ వాన నీళ్లు చాలా వరకు దానిలోకే రావాలి. ఒకప్పుడు పొలాల మధ్య పారే కాలువ, ఇప్పుడు రెండు పక్కలా ఇళ్లు. గట్టు మీదకే వచ్చి కట్టారు, మధ్యలో పూడిక. పెద్ద వాన పడిన ప్రతిసారీ కాలువ వెనక్కి తన్ని కాలనీల్లోకి వస్తుంది. మేము మంచాల మీద గ్యాస్ బండ పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి.

ఇక్కడ నేను చూసింది ఒకటి చెప్తాను. ఇళ్లు కట్టాక కాలువ వెడల్పు చేయాలంటే ఎంత కష్టమో. అధికారులు కొలతలకి వస్తారు, ఎర్ర గుర్తులు పెడతారు. ఆ గుర్తు పడిన ఇంట్లో ఉండేది కూలి చేసుకునేవాళ్లు. ఎవరో పాతికేళ్ల కిందట అమ్మి వెళ్లిపోయారు, శిక్ష కొన్నవాళ్ల మనవలకి పడుతుంది. వాళ్ల ఏడుపు చూడలేం, ఇటు నీళ్లలో మునిగే మా ఏడుపు ఆగదు. రెండు వైపులా పేదవాళ్లే. ఖాళీ పొలంగా ఉన్నప్పుడు వదిలిన పది అడుగులు తర్వాత ఎంత పెట్టినా దొరకవు. మీరు ఇప్పుడే అడగడం చాలా మంచి పని.

మా దగ్గర కూడా 2019లో ఒంగోలుకి అభివృద్ధి సంస్థ పెట్టారు. మ్యాపులు వచ్చినప్పుడు అందరూ చూసేది తమ ప్లాట్ మీద రోడ్డు పడిందా లేదా అనే. కాలువ ఎక్కడ అని వెతికే మనిషిని నేను చూడలేదు. రోడ్డు పడితే పరుగున వెళ్తాం, కాలువ పోతే ఎవరికీ పట్టదు.

స్కేల్_పెన్సిల్:

పెద్దాయన అడిగిన "ఖర్చు ఒక్కడి మీదే ఎందుకు" అనేదానికి ఒక మాట. దీనికి దారి లేకపోలేదు. గుజరాత్‌లో 1976 చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీములు చేస్తారు. ఒక ప్రాంతంలో రైతులందరి భూమినీ కలిపి చూసి, ముందు రోడ్లు, కాలువలు, పార్కులకి కావలసింది తీస్తారు. అందరి దగ్గరా తలా కొంత తగ్గించి, మిగిలింది చక్కటి ఆకారంలో ఎవరిది వాళ్లకే తిరిగిస్తారు. కాలువ నా పొలంలో పడింది, నీ పొలంలో పడలేదు అనే గొడవ ఉండదు. అహ్మదాబాద్‌లో చాలా భాగం అట్లా పెరిగిందే. మనకీ కొత్తేం కాదు, నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి 1920 టౌన్ ప్లానింగ్ చట్టంలోనే స్కీముల మాట ఉంది. కానీ మన దగ్గర అలవాటు ఏమిటంటే మూడెకరాలొక లేఅవుట్, ఐదెకరాలొక లేఅవుట్. ఒకదాని రోడ్డు ఇంకోదానికి కలవదు, డ్రెయిన్ సంగతి అసలే లేదు. నోటీసులో ఉన్న నంబర్లన్నీ ఒకే పట్టీగా ఉంటే, విడివిడిగా కాకుండా మొత్తానికి ఒకే రోడ్డు, డ్రెయిన్ ప్లాన్ వేశాకే లేఅవుట్లు ఇవ్వాలని షరతు అడగండి. ఇది నా వృత్తిలో నేను మనసారా నమ్మే మాట.

చెరువు పోరంబోకు లాంటి ఉమ్మడి భూముల గురించైతే సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది, ఆక్రమణలు తీసేయించాలని రాష్ట్రాలకి ఆదేశం ఇచ్చింది. తూర్పు మురుగు కాలువ పోరంబోకే కాబట్టి దానికి ఈ తీర్పు ఉదహరించండి. పట్టా లోపలి బోదెకి మాత్రం ఇది సూటిగా వర్తించదు, రెండూ కలిపి రాయకండి. కలిపితే మొత్తం కాయితం బలం తగ్గిపోతుంది.

మాగాణి_గట్టు:

ఎఫ్ఎంబీ వచ్చింది. నోటీసులో ఉన్న రెండు నంబర్ల మధ్య హద్దు మీద సన్నటి జంట గీత ఉంది. మా మామయ్య వేలు పెట్టి చూపించారు, అదే మా బోదె అని. మిగతా నంబర్లలో లేదు. ఆ ఒక్క ముక్క కాయితం మీద ఉంది కాబట్టి, దాని రెండు కొసలూ కలిపితే మిగతా దారి తేలుతుంది కదా అని నా వాదన.

సంఘం వాళ్లతో మాట్లాడా. ముందు నసిగారు, ఎందుకంటే పడమటి రైతుల్లో ఇద్దరు సంఘంలోనే ఉన్నారు. వాళ్లింటికే వెళ్లి చెప్పా, మీ అమ్మకానికి అడ్డం రావట్లేదు, నీళ్ల దారి ఒక్కటి వదిలేలా షరతు పెట్టమంటున్నా అని. ఒకాయన వెంటనే ఒప్పుకున్నాడు. మిచౌంగప్పుడు వాళ్ల అక్క ఇల్లు కింద వీధిలో మునిగింది. ఇంకొకాయన కొనేవాళ్లని అడిగి చెప్తానన్నాడు.

కాయితం ఇట్లా రాశా, చూసి చెప్పండి:

"నోటీసులో పేర్కొన్న సర్వే నంబర్లను నివాస జోన్‌గా మార్చడానికి మేము వ్యతిరేకం కాదు. ఈ నంబర్ల గుండా సర్వేపల్లి కాలువ తూము నుంచి దిగువ ఆయకట్టుకి పంట బోదె ఉంది. ఎఫ్ఎంబీ నకలు, తుఫాను సమయంలో తీసిన ఫోటోలు జతచేశాము. జోన్ మార్చే ఉత్తర్వులోనే ఈ బోదె దారిని మ్యాప్ మీద గుర్తించి, గట్లతో కలిపి కనీసం పది అడుగుల వెడల్పు వదలాలని, పైపులతో మూసేయకూడదని, నేల మట్టం పెంచితే పక్క పొలాలకీ ఊరికీ నీరు ఎదురు తన్నకుండా చూడాలని షరతు పెట్టవలసిందిగా కోరుతున్నాము. ఈ నంబర్లన్నింటికీ కలిపి ఒకే డ్రెయిన్ ప్లాన్ తయారయ్యాకే విడివిడి లేఅవుట్లకి అనుమతి ఇవ్వాలి. ఇళ్ల మురుగు పంట బోదెలో కలపకూడదు. స్థల పరిశీలన అక్టోబర్, డిసెంబర్ మధ్య జరపాలి, ఆయకట్టు రైతులకి ముందుగా తెలియజేయాలి. ఏ భూమిని ఏ కారణంతో ఏ జోన్‌లో ఉంచారో రైతులకి రాతపూర్వకంగా చెప్పాలి."

స్కేల్_పెన్సిల్:

బాగుంది అక్కా. రెండు మార్పులు. "పది అడుగులు" అని ఊరికే రాస్తే ఎక్కణ్ణుంచి వచ్చింది అంటారు. ఇప్పుడు బోదె ఎంత వెడల్పుంది, గట్లు ఎంత, పూడిక తీసే మనిషి నడవడానికి ఎంత కావాలి, మూడూ కొలిచి విడివిడిగా రాయండి. ఎక్కువే రావొచ్చు. రెండోది, పరిశీలన అక్టోబర్ దాకా ఆగమంటే గడువు పేరుతో ఆ ఒక్క మాట చూపించి మొత్తం పక్కన పెట్టేస్తారు. "వానాకాలంలో చేయాలి, అది కుదరకపోతే జతచేసిన వాన రోజుల ఫోటోలు, వీడియోలు పరిగణించాలి" అని మార్చండి. ఫోటోల వెనక తేదీ, సర్వే నంబరు రాయడం మర్చిపోవద్దు.

పొదలకూరురోడ్డు_రైతు:

అమ్మాయీ, చివరి వాక్యం పెట్టినందుకు సంతోషం. ఇట్లా రాస్తే నేను కూడా సంతకం పెడతాను. మా వైపు నోటీసు పడితే ఇదే నమూనా వాడుకుంటా, అభ్యంతరం లేదు కదా?

ఆ రెండో ఆయన కొనేవాళ్లని అడుగుతానన్నాడు చూడు, ఆ కొనేవాళ్లతో నువ్వే నేరుగా మాట్లాడు. నీళ్లు నిలవని లేఅవుట్ అంటే వాళ్లకీ నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి. లెక్క చెప్తే వినేవాళ్లే ఉంటారు.

మాగాణి_గట్టు:

తప్పకుండా వాడుకోండి పెద్దాయనా. మీ పొలం నీళ్లు ఎటు పోతాయో అది మాత్రం మీరే గీయాలి.

తమ్ముడూ, ఈరోజు సాయంత్రం టేపు పట్టుకుని వెళ్లి కొలిచాం. బోదె నాలుగు అడుగులు, రెండు గట్లు కలిపి ఐదు, మనిషి నడవడానికి మూడు. పన్నెండు వచ్చింది, పన్నెండే రాశా. ఆయకట్టు రిజిస్టర్ కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టా, రసీదు జతచేశా. సంఘం తీర్మానం రేపు పొద్దున మీటింగులో పెడుతున్నారు. మధ్యాహ్నానికి చేతికిచ్చి రసీదు తీసుకుని ఇక్కడ రాస్తా. నెల్లూరులో ఇంకెవరైనా ఇట్లా జోన్ మార్పు ఉత్తర్వులో కాలువ షరతు పెట్టించుకున్నవాళ్లు ఉంటే ఆ ఉత్తర్వు నకలు పెట్టండి, దాన్ని కూడా జతచేస్తా.